పాపులిజం అని దేన్ని అనాలి? దేన్ని అనకూడదు?

గోధూళి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

ట్రంప్‌ను పాపులిస్ట్ అంటారు. వెనెజువెలాలో చావెజ్‌నూ అదే అన్నారు. హంగరీలో ఓర్బన్, బ్రెజిల్‌లో బోల్సొనారో, గ్రీస్‌లో సిరిజా పార్టీ, ఇటలీలో ఒక హాస్యనటుడు మొదలుపెట్టిన ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్, అందరికీ ఒకటే ముద్ర. వీళ్లలో ఒకరు కంపెనీలను ప్రభుత్వపరం చేశారు, ఇంకొకరు పన్నులు తగ్గించారు. ఒకరు వలసలు ఆపుతామని గెలిచారు, మరొకరికి అది పెద్ద విషయమే కాదు. ఇంత తేడా ఉన్నవాళ్లను ఒకే గాటన కట్టాలంటే మధ్యలో ఏదో ఒక గట్టి పోలిక ఉండాలి కదా. అది ఏమిటి? లేక మనకు నచ్చని నాయకుడు గెలిచినప్పుడు చదువుకున్నవాళ్లు వాడే తిట్టేనా ఇది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, తొందరేం లేదు.

చిన్నప్రశ్న

నాకూ ఇదే డౌట్. ఫాలో అవుతున్నాను.

నడిచేదారి

నా దృష్టిలో ఇది లెక్కల విషయం. లేని డబ్బు ఖర్చుపెట్టి ఇవాళ చప్పట్లు కొట్టించుకోవడం, ఆ బిల్లు రేపటివాళ్ల నెత్తిన వేయడం. అంతే.

దక్షిణ అమెరికా చరిత్ర చూడండి. 1946లో పెరోన్ అధికారంలోకి వచ్చేసరికి అర్జెంటీనా దగ్గర యుద్ధకాలపు ఎగుమతులతో కూడబెట్టిన నిల్వలు దండిగా ఉన్నాయి. జీతాలు బాగా పెరిగాయి. బ్రిటిష్ కంపెనీల చేతిలో ఉన్న రైల్వేలను ప్రభుత్వం కొనేసింది. మూడేళ్లు అంతా బాగుంది. 1949 వచ్చేసరికి నిల్వలు కరిగిపోయి ధరలు ఎగబాకాయి. చివరికి 1952లో పొదుపు ప్రణాళిక ప్రకటించాల్సింది కూడా పెరోనే అయ్యారు.

పెరూ ఇంకా ఘోరం. 1985లో అలన్ గార్సియా అనే యువ అధ్యక్షుడు వచ్చి, ఎగుమతుల ఆదాయంలో 10 శాతానికి మించి విదేశీ అప్పు తీర్చేది లేదన్నారు. జనం నీరాజనాలు పట్టారు. మొదటి రెండేళ్లు వృద్ధి కూడా కనిపించింది. ఆయన దిగిపోయిన 1990లో ధరల పెరుగుదల 7000 శాతం దాటింది. అంటే నెల మొదట్లో తీసుకున్న జీతం విలువ నెలాఖరుకు బాగా కరిగిపోయేది. డబ్బున్నవాళ్లు డాలర్లు కొనుక్కుని బయటపడతారు. పేదవాడికి ఆ దారి లేదు. పేదల పేరు చెప్పుకుని పేదల్నే ముంచే రాజకీయం కాబట్టి నాకు దీని మీద అంత కోపం.

అక్షరతూనిక

నడిచేదారి గారూ, మీరు చెప్పిన చరిత్రలో తప్పేమీ లేదు. కానీ పెరూ కథ 1990 దగ్గర ఆపేశారు. ఆ తర్వాత జరిగింది చూస్తేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

గార్సియా తర్వాత గెలిచింది అల్బెర్టో ఫుజిమోరి. రాజకీయాలకు కొత్త, వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రెక్టర్‌గా చేసిన మనిషి. ట్రాక్టర్ మీద తిరుగుతూ ప్రచారం చేశారు. ప్రత్యర్థి ప్రపంచ ప్రసిద్ధి పొందిన నవలాకారుడు మారియో వర్గాస్ లోసా. ఆయన ఓట్లు పోయినా పోనీ అని, సబ్సిడీలు ఒకేసారి కోసేస్తానని ముందే చెప్పారు. అలాంటిదేమీ చేయనని ఫుజిమోరి చెప్పి, గెలిచి, 1990 ఆగస్టులో అదే పని చేశారు. పెట్రోలు, ఆహారం ధరలు రాత్రికి రాత్రి ఎన్నో రెట్లు పెరిగాయి. అంటే ఖజానా విషయంలో ఈయన గార్సియాకు పూర్తి వ్యతిరేకం.

మరి ఆయన్ని ఎందుకు పాపులిస్ట్ అంటున్నాం? 1992 ఏప్రిల్ 5 రాత్రి టీవీలో కనిపించి, పార్లమెంటును మూసేస్తున్నాను, న్యాయవ్యవస్థను తిరగరాస్తున్నాను అని ప్రకటించారు. ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. పాత పార్టీలన్నీ దొంగలు, జనానికీ నాకూ మధ్య అడ్డంగా ఉన్నారు, అందుకే తీసేస్తున్నాను అన్నది ఆయన వాదన. దానికి జనంలో మెజారిటీ మద్దతు దొరికింది కూడా.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. థాయిలాండ్‌లో ప్రధాని తక్సిన్ 2001లో 30 బాత్‌లకే (అక్కడి కరెన్సీ) ఆసుపత్రి వైద్యం అనే పథకం తెచ్చారు. బ్యాంకాక్‌లో పెద్దవాళ్లంతా ఇది ఓట్ల కోసం డబ్బు పారబోయడమే అన్నారు. 2006లో సైన్యం ఆయన్ని దించేసింది. ఆ వైద్య పథకాన్ని మాత్రం ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ తీసేయలేదు. ఇప్పుడు మధ్య ఆదాయ దేశాలు అందరికీ వైద్యం ఎలా ఇవ్వొచ్చో చెప్పడానికి దాన్నే చూపిస్తున్నారు. అదే తక్సిన్ 2003లో మాదకద్రవ్యాల మీద యుద్ధం ప్రకటిస్తే రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆయన పాలనలో భయపడాల్సింది 30 బాత్‌ల వైద్యానికి కాదు, దీనికి.

ఉచితంగా ఇవ్వడం, అప్పు చేయడం అనేవి మంచి విధానమో చెడ్డ విధానమో కావొచ్చు. పాపులిజం ఉన్న చోటు వేరు.

చిన్నప్రశ్న

సార్, మరి ఆ చోటు ఏది? అందరు నాయకులూ ప్రజల కోసమే అంటారు కదా.

అక్షరతూనిక

మంచి ప్రశ్న. నేను డిగ్రీ పిల్లలకు చెప్పే పద్ధతిలోనే చెబుతాను.

డచ్ పరిశోధకుడు కాస్ ముడ్డె 2004లో ఇచ్చిన నిర్వచనాన్ని ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. సమాజంలో రెండే వర్గాలు ఉన్నాయని పాపులిస్ట్ నమ్ముతాడు, నమ్మిస్తాడు. ఒకవైపు కల్మషం లేని ప్రజలు, మరోవైపు కుళ్లిపోయిన పెద్దలు. రాజకీయం అంటే మొదటివాళ్ల మనసులో ఉన్నది అమలు చేయడమే. ఆ ప్రజలు ఎవరు, ఆ పెద్దలు ఎవరు అన్నది ఈ ఆలోచనలో ఖాళీగా ఉంటుంది. చావెజ్ అయితే అక్కడ పేదలు, చమురు దొరలు అని నింపుతారు. ఓర్బన్ అయితే హంగేరియన్లు, బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ అధికారులు అని నింపుతారు. గోధూళి గారు అడిగిన పోలిక ఇదే. ఇటు వామపక్షానికీ అటు రైట్ వింగ్‌కూ ఒకేలా అతుక్కుంటుంది, ఎందుకంటే సొంతంగా దీనికి ఆర్థిక విధానం లేదు.

కానీ నాకు అసలు గుర్తు అనిపించేది దీని తర్వాతి అడుగు. పెద్దల్ని తిట్టడం ప్రతిపక్షంలో ఉన్న ఎవరైనా చేస్తారు. పాపులిస్ట్ 'ప్రజల తరఫున మాట్లాడేది మేమొక్కళ్లమే' అంటాడు. ఈ 'ఒక్కళ్లమే' దగ్గరే ప్రమాదం ఉంది. నేనే ప్రజలు అయితే, నన్ను కాదన్నవాడు ఎవరు? వాడు ప్రజల్లో లెక్కలోకి రాడు.

2016 జూన్ 24 తెల్లవారుజామున బ్రెగ్జిట్ ఫలితం తేలుతుండగా, యూరోపియన్ యూనియన్‌లోంచి బ్రిటన్ బయటికి రావాలని పోరాడిన నాయకుడు నైజెల్ ఫరాజ్ ఏమన్నారో గుర్తుందా? ఇది నిజమైన ప్రజల విజయం, మామూలు ప్రజల విజయం, మర్యాదస్తుల విజయం అన్నారు. ఆ రోజు బయటికి వద్దామన్నవాళ్లు 51.9 శాతం, ఉండిపోదామన్నవాళ్లు 48.1 శాతం. ఆ 48 శాతం మంది, అంటే కోటీ అరవై లక్షల మంది, మరి ఎవరు? నిజమైన ప్రజలు కారా? ఆయన వాళ్లను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. విజయోత్సాహంలో అన్న ఒక వాక్యంలోనే వాళ్లు లెక్కలోంచి పోయారు. యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి రావాలనుకోవడం పాపులిజం కాదు, అది ఒక విధానం, వాదించదగ్గ విధానం. ఆ వాక్యం పాపులిజం.

పడమటిగాలి

అక్షరతూనిక గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఈ నిర్వచనంలో నాకు నచ్చనిది ఒకటుంది. పాపులిస్ట్ అని తమను తామే పిలుచుకున్న మొదటి పార్టీలలో ఒకదాన్ని ఇది అన్యాయంగా బోనులో నిలబెడుతుంది.

1892 జులైలో అమెరికాలోని ఒమాహా నగరంలో పీపుల్స్ పార్టీ తన ప్రణాళిక ప్రకటించింది. ఎవరు వాళ్లు? పత్తి, గోధుమ పండించే రైతులు. పత్తి ధర ఏటేటా పడిపోతోంది. పంటను మార్కెట్‌కు చేర్చాలంటే ఒకటే రైల్వే కంపెనీ, అది చెప్పిందే రేటు. దక్షిణాదిలో విత్తనం దగ్గర్నుంచి తిండిగింజల దాకా అరువిచ్చే వ్యాపారి ఒక్కడే, పంట మీద తాకట్టు ముందే రాయించుకునేవాడు. కోతల తర్వాత లెక్క చూసుకుంటే ఇంకా బాకీనే మిగిలేది. రైతులంతా ఒకేసారి అమ్ముకోవాలి కాబట్టి కోతల వేళ ధర అడుగంటేది.

దీనికి వాళ్లు చెప్పిన మందు చూడండి. ప్రభుత్వం గిడ్డంగులు కట్టాలి, రైతు పంట అక్కడ పెడితే దాని విలువలో 80 శాతం దాకా తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి, ధర వచ్చినప్పుడు రైతు అమ్ముకుంటాడు. ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే ఆదాయ పన్ను కావాలన్నారు. సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నారు. రహస్య బ్యాలెట్ కావాలన్నారు. ఆరోజు పత్రికలు వాళ్లను పిచ్చివాళ్లుగా బొమ్మలు వేశాయి. వాళ్ల అధ్యక్ష అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు ఆ ఏడాది పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, కాన్సస్, కొలరాడో లాంటి రాష్ట్రాలు గెలిచారు. 1894లో తెచ్చిన ఆదాయ పన్నును మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు కొట్టేసింది. 1913లో రెండు రాజ్యాంగ సవరణలతో ఆదాయ పన్నూ వచ్చింది, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నికా వచ్చింది.

ప్రజలు, పెద్దలు అని విడదీసి మాట్లాడినందుకు వీళ్లను తప్పుపడితే ఎలా? అక్కడ రైల్వే కంపెనీ నిజంగానే రైతు గొంతు మీద కాలు పెట్టింది. కడుపు మండినవాడు గొంతు పెంచి మాట్లాడతాడు. వాడి భాష బాగాలేదని చెప్పేవాళ్లు ఒక్కసారి వాడి బాకీ పుస్తకం కూడా తెరిచి చూడాలి.

గోధూళి

ఇది నాకు అస్సలు తెలియదు. చాలా బాగా చెప్పారు పడమటిగాలి గారూ.

అక్షరతూనిక

పీపుల్స్ పార్టీ మీద మీకున్న అభిమానమే నాకూ ఉంది. అందుకే ఆ పార్టీలో ఒక మనిషి కథ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

టామ్ వాట్సన్, జార్జియా రాష్ట్రం. 1890ల మొదట్లో ఆయన నల్లజాతి రైతులనూ తెల్లజాతి రైతులనూ ఒకే సభలో కూర్చోబెట్టి మాట్లాడారు. మిమ్మల్ని విడివిడిగా దోచుకోవడం సులువు కాబట్టే మీ మధ్య ద్వేషం పెంచుతున్నారు అని చెప్పారు. ఆ కాలంలో, ఆ రాష్ట్రంలో ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి! ఎన్నికల్లో ఆయన్ని మోసం చేసి ఓడించారు. 1896లో పార్టీ డెమొక్రాట్ల అభ్యర్థి బ్రయన్ వెనక నిలబడి ఆయనతోపాటే మునిగింది.

అదే వాట్సన్ కొన్నేళ్ల తర్వాత నల్లవాళ్ల ఓటు హక్కు తీసేయాలని ప్రచారం చేశారు. యూదుల మీదా క్యాథలిక్కుల మీదా తన పత్రికలో విషం కక్కారు. 1915లో లియో ఫ్రాంక్ అనే యూదు మేనేజర్‌ను ఒక గుంపు జైల్లోంచి ఎత్తుకెళ్లి ఉరి తీసింది. దాని ముందు నెలల తరబడి జనాన్ని రెచ్చగొట్టిన రాతలు ఈయనవే. 1920లో సెనేటర్‌గా గెలిచారు.

ఆయన చివరిదాకా ప్రజల పక్షమే అని నమ్మారు. ఆ 'ప్రజలు' అనే గీత లోపల ఎవరుంటారో మాత్రం మారిపోయింది. మొదట నల్ల రైతు లోపల ఉన్నాడు, తర్వాత బయట ఉన్నాడు. రైల్వే కంపెనీ మీద పెట్టిన కోపాన్నే తీసుకెళ్లి పక్కింటివాడి మీద పెట్టడానికి ఆయన భాషలో ఒక్క ముక్క మార్చాల్సిన పనిలేకపోయింది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

పడమటిగాలి

వాట్సన్ విషయం కాదనను. కానీ ఆ ఓటు హక్కు తీసేసే చట్టాలు రాసింది ఎవరు? మర్యాదస్తులైన పాత పార్టీ పెద్దలే, పేద తెల్లవాడూ నల్లవాడూ కలవడం చూసి బెదిరి. ఆ పాపం మొత్తం ఒక పాపులిస్ట్ ఖాతాలో రాయకండి.

అక్షరతూనిక

రాయను. ఒప్పుకుంటున్నాను.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క మనవి. మన రాష్ట్రాల పార్టీలు, నాయకుల పేర్లు తెచ్చిన ఆరు కామెంట్లు తొలగించాం. ఈ దారంలో వాటికి చోటు లేదు, వేరే దారాలు ఉన్నాయి. మిగతాది కొనసాగించండి.

మధుమాలతి

హంగరీ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బుడాపెస్ట్‌లో ఉన్నాను.

2017 వేసవిలో ఊరంతా ఒకే పోస్టర్. నవ్వుతున్న బిలియనీర్ జార్జ్ సోరోస్ ముఖం, కింద 'చివరి నవ్వు సోరోస్‌ది కానివ్వొద్దు' అని. బస్టాపుల్లో, మెట్రో స్టేషన్లలో, ఆఖరికి ట్రామ్ లోపల నేల మీద కూడా అంటించారు. ఎక్కితే ఆ ముఖం మీద కాలు పెట్టి నడవాలి. సోరోస్ బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో చిన్నపిల్లాడిగా దాక్కుని బతికిన మనిషి. ఎనభై ఏళ్లు దాటిన ఆయన అక్కడ ఎన్నికల్లో నిలబడలేదు, ఏ పదవిలోనూ లేరు. అవి ప్రభుత్వ డబ్బుతో వేసిన పోస్టర్లు. కొన్నిటి మీద ఎవరో యూదులను తిడుతూ రాతలు రాశారు. నా ఆఫీసులో ఒక పెద్దావిడ ఆ ట్రామ్ ఎక్కడం మానేసి నడిచి వచ్చేది. కారణం ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

బయటివాళ్లు అనుకునేట్టు అక్కడ ట్యాంకులేమీ రాలేదు. అన్నీ చట్టప్రకారమే జరిగాయి. 2010లో ఓర్బన్ పార్టీ ఫిడెస్‌కు వచ్చిన ఓట్లు సుమారు 53 శాతం. సీట్లు మాత్రం 386లో 263, అంటే మూడింట రెండు వంతులకు పైనే. అక్కడ రాజ్యాంగం మార్చడానికి అది చాలు. 2011 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగం ఆమోదించారు. 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతిపక్షం మద్దతు లేదు, ప్రజాభిప్రాయ సేకరణా లేదు.

ఒక్క చిన్న మార్పు చూడండి. న్యాయమూర్తుల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కు తగ్గించారు. వినడానికి ఎంత మామూలుగా ఉంది! దాంతో రెండు వందల మందికి పైగా సీనియర్లు ఒక్కసారిగా ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. కోర్టుల్లో పై స్థానాలు వాళ్లవే. యూరోపియన్ యూనియన్ కోర్టు ఇది చెల్లదని 2012 నవంబరులో చెప్పేసరికి చాలా కుర్చీలు నిండిపోయాయి. తర్వాత ఎన్నికల నియమాలూ నియోజకవర్గాల గీతలూ మారాయి. 2014లో ఫిడెస్ ఓట్లు 45 శాతానికి పడిపోయాయి. అయినా 199 సీట్లలో 133 వచ్చాయి. మళ్లీ మూడింట రెండు వంతులే.

నడిచేదారి

ఇదంతా చదివాక ఒక సందేహం. మీరు చెబుతున్నది నిరంకుశత్వం కదా. దానికి ఆ పేరు ఉండగా పాపులిజం అని ఇంకో పేరు ఎందుకు?

అక్షరతూనిక

రెండూ ఒకటి కాదు కాబట్టి. మామూలు నియంతకు ప్రజల పేరు పెద్దగా అవసరం లేదు, పోలీసు చాలు. పాపులిస్ట్‌కు ఎన్నిక కావాలి, గెలుపు కావాలి. ఆ గెలుపే మిగతా అన్ని అడ్డుగోడలూ కూల్చడానికి ఆయన చూపించే పత్రం.

అలాగని ప్రతి పాపులిస్టూ అక్కడిదాకా వెళతాడనీ లేదు. గ్రీస్‌లో సిరిజా 2015 జనవరిలో గెలిచింది. అప్పుల్లో మునిగిన దేశానికి బయటివాళ్లు ఇచ్చే సాయం (బెయిలౌట్) షరతుల మీద జులై 5న ఓటింగ్ పెడితే 61 శాతం వద్దన్నారు. పట్టుమని పది రోజులు తిరక్కుండానే ప్రధాని సిప్రాస్ అంతకన్నా కఠినమైన షరతులకు ఒప్పుకున్నారు. దాన్ని ద్రోహం అన్నవాళ్లు ఉన్నారు, ఇంకో దారి లేదన్నవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా 2019లో ఓడిపోయి, గెలిచినవాళ్లకు అధికారం అప్పగించి మామూలుగా వెళ్లిపోయారు. కోర్టులూ ఎన్నికలూ అలాగే ఉన్నాయి.

పడమటిగాలి

ఇక్కడే నేను మళ్లీ అడ్డం పడతాను. జనం ఇలాంటివాళ్ల వెంట ఎందుకు వెళ్తున్నారో ఒక్కరూ మాట్లాడటం లేదు.

ఇటలీ చూడండి. 2011 నవంబరులో అప్పుల సంక్షోభం ముదిరి బెర్లుస్కోని దిగిపోయారు. ఆయన స్థానంలో మారియో మోంటి, ఆర్థిక శాస్త్ర ప్రొఫెసర్, ఒక్క రాజకీయ నాయకుడూ లేని మంత్రివర్గంతో వచ్చారు. ఎవరూ వాళ్లకు ఓటు వేయలేదు. డిసెంబరులో పింఛన్ల కోత ప్రకటిస్తూ కార్మిక మంత్రి ఎల్సా ఫోర్నెరో 'త్యాగం' అనే మాట పూర్తిచేయలేక టీవీ కెమెరాల ముందు ఏడ్చేశారు. ఆవిడ బాధ నిజమే అయ్యుండొచ్చు. కానీ రిటైర్మెంట్ ఏళ్ల తరబడి వెనక్కి పోయిన కార్మికుడికి దీని మీద మాట్లాడే చోటు ఏది? పార్లమెంటులో పెద్ద పార్టీలన్నీ ఆ ప్రభుత్వాన్ని బలపరిచాయి. 2013 ఫిబ్రవరిలో ఎన్నిక వస్తే ఫైవ్ స్టార్ మొదటి ప్రయత్నంలోనే దిగువ సభలో 25 శాతం ఓట్లు తెచ్చుకుంది.

జర్మనీలో అంగెలా మెర్కెల్ గ్రీస్ సాయం గురించి 'దీనికి ప్రత్యామ్నాయం లేదు' అంటూ వచ్చారు. 2013లో పుట్టిన పార్టీ తన పేరే 'జర్మనీకి ప్రత్యామ్నాయం' అని పెట్టుకుంది. అదే ఏఎఫ్‌డీ. మొదట్లో అందులో యూరో వద్దనే ప్రొఫెసర్లు ఎక్కువ. వలసల మీదికి గాలి మళ్లింది ఆ తర్వాత.

నిపుణుడు 'సరైన జవాబు ఒకటే, అది మాకు తెలుసు' అంటాడు. పాపులిస్ట్ 'ప్రజల కోరిక ఒకటే, అది మాకు తెలుసు' అంటాడు. ఇద్దరికీ చర్చతో పనిలేదు. మొదటివాడిని బాధ్యతగల నాయకుడు అని పొగిడి, రెండోవాడిని ప్రజాస్వామ్యానికి ముప్పు అంటే ఒప్పుకోను. మొదటివాడే రెండోవాడికి దారి వేస్తున్నాడు.

అక్షరతూనిక

ఈ పోస్టులో ఒక్క మాట కూడా తీసేయాలని లేదు.

చిన్నప్రశ్న

సోషల్ మీడియా వల్లే ఇదంతా పెరిగింది అంటారు కదా?

మధుమాలతి

కొంత. కానీ 1930లలో అమెరికాలో హ్యూయీ లాంగ్ అనే రాజకీయ నాయకుడు రేడియోతో ఇదే చేశారు. చావెజ్‌కు టీవీ చాలు. ప్రతి ఆదివారం 'అలో ప్రెసిడెంటే' అని గంటల తరబడి కార్యక్రమం. 2010 ఫిబ్రవరిలో కరాకస్ నడిబొడ్డున బొలీవర్ చౌక్‌లో నడుస్తూ ఒక భవనం చూపించి 'అదేంటి?' అని అడిగారు. పక్కనున్న మేయర్, నగల దుకాణాలు అని చెప్పారు. 'స్వాధీనం చేసుకోండి!' అన్నారు చావెజ్. ఇంకో భవనం, మళ్లీ అదే మాట. జనం చప్పట్లు. ఆ దుకాణాలవాళ్లకు నోటీసు, విచారణ, అప్పీలు ఏమీ అవసరం లేదని లైవ్‌లో దేశమంతా చూసింది. నాయకుడికీ జనానికీ మధ్య ఏదీ ఉండకూడదు అన్నప్పుడు పోయేవి ఇవే.

గోధూళి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అధికారంలోకి వచ్చాక తెలిసేవి. ఓటు వేసేముందే గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా?

అక్షరతూనిక

ఓటమి గురించి ఏమంటున్నారో వినండి. నేను అన్నిటికన్నా నమ్మే గుర్తు అదే.

ప్రజలంతా నా వెనకే ఉన్నారని నమ్మేవాడు ఓడిపోతే లెక్క కుదరదు. ఎక్కడో మోసం జరిగి ఉండాలి. ఓర్బన్ 2002లో ఓడిపోయాక ఒక సభలో 'మాతృభూమి ప్రతిపక్షంలో ఉండజాలదు' అన్నారు. అధికారంలోకి తిరిగి రావడానికి ఎనిమిదేళ్ల ముందే అన్న మాట అది. ఆయన తర్వాత చేసినదంతా అందులోనే ఉంది.

ట్రంప్ సంగతి ఇంకా విచిత్రం. 2016లో రాష్ట్రాలవారీ లెక్కలో గెలిచారు. మొత్తం ఓట్లలో మాత్రం ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు సుమారు 29 లక్షలు ఎక్కువ వచ్చాయి. గెలిచి కూడా, అక్రమంగా ఓటేసిన లక్షలమందిని తీసేస్తే ఆ లెక్కలోనూ నేనే గెలిచాను అని నవంబరులోనే ట్వీట్ చేశారు. ఆధారం ఏమీ చూపలేదు. 2020లో ఓడిపోతే ఏం జరుగుతుందో ఆ ఒక్క ట్వీట్ ముందే చెప్పింది. బోల్సొనారో 2022 ఎన్నికకు నెలల ముందునుంచే ఓటింగ్ యంత్రాలు నమ్మొద్దని చెబుతూ వచ్చారు. ఓడిపోయాక, 2023 జనవరి 8న ఆయన అభిమానులు బ్రెసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనం మీద పడ్డారు.

ఎన్నికల్లో మోసం జరగదని కాదు, వాట్సన్ విషయంలో జరిగింది. ఆధారం పట్టుకుని కోర్టుకు వెళ్లేవాడు వేరు, ఓట్లు పడకముందే ఫలితం చెల్లదని చెప్పేవాడు వేరు.

నడిచేదారి

ఒప్పుకుంటున్నాను, ఇది ఖజానా లెక్క కన్నా మంచి కొలత. మరి ఒకసారి వచ్చాక వీళ్లను దించడం, దించాక మరమ్మతు ఎలా?

మధుమాలతి

పోలండ్‌లో జరుగుతున్నది అదే. 2015లో వచ్చిన లా అండ్ జస్టిస్ పార్టీ రాజ్యాంగ న్యాయస్థానాన్ని సొంతవాళ్లతో నింపింది. ప్రభుత్వ టీవీని పార్టీ ఛానల్‌లా వాడుకుంది. 2023 అక్టోబరులో 74 శాతం మంది ఓటు వేశారు. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో అర్ధరాత్రి దాటినా క్యూలు ఉన్నాయి. లా అండ్ జస్టిస్ 35 శాతంతో మొదటి స్థానంలోనే ఉన్నా మెజారిటీ రాలేదు, మిగతా పార్టీలు కలిసి డోనల్డ్ టస్క్‌ను ప్రధానిని చేశాయి.

డిసెంబరు 19న కొత్త ప్రభుత్వం టీవీ బోర్డును తీసేసింది, మర్నాడు వార్తా ఛానల్ ప్రసారం ఆగిపోయింది. చట్టం మారుద్దామంటే అప్పటి అధ్యక్షుడు పాత పార్టీ మనిషి, వీటో చేసేవాడు. వీటోను దాటడానికి కావలసిన అయిదింట మూడు వంతులు వీళ్లకు లేవు. అందుకని సంస్థను లిక్విడేషన్‌లో, అంటే మూసివేత ప్రక్రియలో, పెట్టారు. పాత పాలనను ఏళ్లుగా విమర్శించిన న్యాయనిపుణులే కొందరు ఈ పద్ధతి సరికాదన్నారు.

అక్షరతూనిక

నాకూ సరికాదనే అనిపిస్తుంది. ఆలస్యమైనా, 2025 అధ్యక్ష ఎన్నిక దాకా ఆగాల్సి వచ్చినా, చట్టం దారే పట్టాల్సింది.

మధుమాలతి

ఆ ఎన్నికలో కూడా లా అండ్ జస్టిస్ బలపరిచిన నవ్రోత్‌స్కీయే గెలిచారు కదండీ. ఆగి ఉంటే ఇంకా ఆగుతూనే ఉండేవాళ్లు. ఆ టీవీ అన్నేళ్లు సాటి పౌరులను దేశద్రోహులని చూపించింది. నేనైతే టస్క్ వైపే.

పడమటిగాలి

ఇద్దరూ కోర్టు, టీవీ దగ్గరే ఉండిపోయారు. ఆ 35 శాతం మంది ఎందుకు ఓటేశారో కూడా చూడండి. 2016లో ఆ పార్టీ పిల్లలకు నెలకు 500 జ్లోటీల (పోలండ్ కరెన్సీ) చొప్పున కుటుంబాలకు ఇవ్వడం మొదలుపెట్టింది, ముందు రెండో బిడ్డ నుంచి, 2019 తర్వాత అందరికీ. ఉదారవాదులు చాలామంది దాన్ని ఓట్లు కొనడం అన్నారు. 2023లో దాన్ని 800 చేస్తామంటే, ఇప్పుడే చేయండి అని టస్క్ సవాలు విసిరారు. ఆయన ప్రభుత్వం వచ్చాక 2024 జనవరి నుంచి 800 ఇస్తూనే ఉన్నారు. చిన్న ఊళ్లలో ఉన్న తల్లికి పాత పార్టీ గుర్తొచ్చేది ఆ డబ్బుతోనే, న్యాయమూర్తుల నియామకాలతో కాదు. కోర్టుల గురించి ఆవిడకు పట్టింపు రావాలంటే, ఆ డబ్బు ఇవ్వాలన్న ఆలోచన కోర్టులు కాపాడేవాళ్లకు 2016కు ముందే వచ్చి ఉండాల్సింది. దీని మీద మీరిద్దరూ ఏమంటారో వినాలని ఉంది.